తొమ్మిది కన్నాల తలుపు

ఆ సోమవారం మా ఇంట్లో ఉన్నవాళ్ళం ఐదుగురం. నాయనమ్మ, నాన్న, అమ్మ, వదిన, నేను. అన్నయ్య గిల్సూ సైన్యంలో, ఉత్తరాన కొండల్లో ఉన్నాడు. వదిన కడుపులో ఉన్నదాన్ని కూడా కలిపితే ఆరుగురం కదా అన్నాను ఒకసారి. నాయనమ్మ గబుక్కున నా నోరు మూసింది. నేల మీద పడి కెవ్వుమనేదాకా ఎవరినీ లెక్కపెట్టకూడదట.

వదినకు నెలలు నిండాయి. బోల్గ్యో పెద్దమ్మ చెప్పిన రోజు దాటి అప్పటికే నాలుగు రోజులైంది. బోల్గ్యో పెద్దమ్మ మా పక్కింటావిడ. బోల్గ్యో నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది కనుక యాభై ఏళ్ళుగా ఆవిడకు అదే పేరు. అసలు పేరు ఆవిడ కొడుకులకైనా తెలుసో లేదో. మా ఊళ్ళో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడ చేతులే. నన్ను కూడా. "నువ్వు పుట్టినప్పుడు ఏడవడానికి కూడా సిగ్గుపడ్డావే వోల్సిమ్, రెండు దెబ్బలు వేస్తేగాని నోరు విప్పలేదు" అని కనబడ్డప్పుడల్లా అంటుంది.

నిజమే కాబోలు. బడిలో మాస్టారు పేర్లు పిలిచినప్పుడు నేను పలికింది వినబడక రెండుసార్లు రాలేదని రాసేశారు. బడి ముగిసి రెండేళ్ళయింది. ఇప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఇంట్లో నాతో ఎక్కువగా మాట్లాడేది వదిన ఒక్కతే. మొగుడి చెల్లెల్ని "అమ్మాయిగారూ" అని పిలవాలి, మీరు అనాలి. వదిన ఆ మర్యాదంతా పాటిస్తుంది గానీ, ఆ పిలుపులో ప్రతిసారీ కాస్త నవ్వు కలుపుతుంది.

ఆ సోమవారం పంచాంగం ప్రకారం చలికాలం మొదలయ్యే రోజు. కానీ మా గోహంగ్ వైపు చలి జాడే లేదు. దక్షిణాన సముద్రం మీంచి మెత్తని గాలి వీస్తోంది. కోసేసిన వరిచేలల మీద తూనీగలు ఇంకా తిరుగుతున్నాయి. కొండ వాలులో జిందల్లె పొద ఒకటి వసంతం వచ్చిందనుకుని నాలుగు పూలు పూసింది. నాయనమ్మ దాన్ని "పిచ్చి పువ్వు" అంది. అని, దానికీ దండం పెట్టింది. ఇలాంటి రోజుల్ని మావాళ్ళు చిన్న వసంతం అంటారు. మామూలుగా రెండు రోజులుండి పోతుంది.

"మా పిల్ల కనేదాకా ఉండు తల్లీ, అంతే. ఆ తర్వాత నీ ఇష్టం" అని నాయనమ్మ ఎండతో మాట్లాడేది.

ఆమె భయం తలుపుల గురించి. ఏటా వరి కోతలయ్యాక, చలి పడక ముందు, తలుపులన్నీ ఊడదీసి వాగులో నానబెట్టి, చెక్క గళ్ళకు అంటుకున్న పాత కాగితం గీకేసి, కొత్త కాగితం అంటిస్తాం. ఈ ఏడు నాయనమ్మ వద్దంది. "ఈ నెల తలుపుల జోలికి పోవద్దు" అంది. అంతే. అమ్మ సరేనంది. ఎందుకని నాకెవరూ చెప్పలేదు. కాన్పు సంగతులు పెళ్ళికాని పిల్లకు చెప్పరు, నేను అడిగే రకమూ కాదు. నిండు చూలాలున్న ఇంట్లో రోజంతా తలుపులు లేకుండా ఉంచితే ఎలా, అందుకే అయ్యుంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా తప్పంతా ఆ సర్దిచెప్పుకోవడంలోనే ఉంది.

మిగతా తలుపులు ఒక చలికాలం ఎలాగో గడిపేస్తాయి. వదిన గది తలుపే పనికిరాదు. దానికి తొమ్మిది కన్నాలు. పోయిన చలికాలం పెళ్ళి రాత్రి, వాడకట్టు ఆడవాళ్ళంతా అరుగు మీద చేరి, వేలు తడి చేసుకుని, కాగితంలో పొడిచి తొంగి చూసిన కన్నాలవి. ఆ వేడుక లేకపోతే మా ఊళ్ళో అది పెళ్ళే కాదు. పెళ్ళయిన రెండు నెలలకు అన్నయ్యకు సైన్యం నుంచి పిలుపొచ్చింది. వేసవిలో ఆ కన్నాల్లోంచి గాలి బాగా వస్తోందని ఎవరూ పట్టించుకోలేదు. తీరా మూయాల్సిన కాలానికి వదినకు నెలలు నిండాయి.

మంగళవారం పొద్దున బోల్గ్యో పెద్దమ్మ వదినను చూడటానికి వచ్చింది. అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి, రెండు చేతులతో కడుపు నిమిరింది.

"ఇంకా పైనే ఉంది. లోపలా వెచ్చగా ఉంది, బయటా వెచ్చగా ఉంది, తొందరేముంది అనుకుంటోంది."

"చలి పడితే?" అంది నాయనమ్మ. "ఆ తలుపు చూడు. తలుపా అది, జల్లెడ. తొమ్మిదిలో ఆరు నీ వేళ్ళవే."

"ఆరేంటి, నాలుగు. మిగతావి నీ కోడల్ని అడుగు."

అమ్మ తల వంచుకుని చిలగడదుంపలు ముక్కలు కోస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఒక్కటే పొడిచాను" అంది మెల్లగా.

"అత్తగారు కూడానా!" అని వదిన కడుపు పట్టుకుని నవ్వింది. "అంత కష్టపడి ఏం చూశారు పెద్దమ్మా? ఆయన పడుకోగానే గుర్రు పెట్టాడు."

"గుర్రు పెట్టినవాడు ఈ కడుపెలా తెచ్చాడే!"

నాయనమ్మ కూడా నవ్వింది. నేను నవ్వొచ్చో లేదో తెలియక దుంప ముక్కలు తట్టలోకి ఎత్తుకుని నిచ్చెనెక్కాను. ఇంటి కప్పు మీద ఆరబోస్తుంటే, ఎండకు కప్పు గడ్డి వాసన వేస్తోంది. పై నుంచి చూస్తే సముద్రం నీలంగా, ముడత లేని దుప్పటిలా ఉంది. నాన్న ఆ వైపు నుంచే వస్తున్నాడు, పంట్లాము మోకాళ్ళ దాకా మడిచి.

నాన్న సముద్రంలో నాచు పెంచుతాడు, అన్నానికి చుట్టుకుని తినే నల్ల నాచు. వెదురు గుంజలకు వలలు కట్టి మొలకలు వేశాక, నీళ్ళు చల్లబడితేనే అది ఎదుగుతుంది.

"చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టున్నాయి నీళ్ళు" అన్నాడు అరుగు మీద కూలబడుతూ. "ఇంకో వారం ఇలాగే ఉంటే మొలకలన్నీ కుళ్ళి రాలిపోతాయి. అమ్మా, నువ్వా దండాలు కాస్త తగ్గించు."

"నీ నాచుకి మళ్ళీ ఏడాది ఉంది. దీనికి ఒక్కటే రోజు" అంది నాయనమ్మ వదిన వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ.

"నా మాట వినేదెవరు? ఇంట్లో ఎండ పార్టీ నలుగురు, చలి పార్టీ నేనొక్కణ్ణి."

"నీ పార్టీలోకి నేనొస్తా" అంది బోల్గ్యో పెద్దమ్మ. "నా క్యాబేజీలకు కూడా చలి కావాలి. కానీ ఈ పిల్ల కన్నాక వస్తా."

నాన్న నవ్వి ఊరుకున్నాడు. నాన్నకు ఒక అక్క ఉండేదట. తొలి కాన్పులో పోయింది, మంచు పడుతున్న రోజున, గది వెచ్చబడక. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అమ్మ ఒక్కసారే చెప్పింది నాకు. అందుకే నాయనమ్మ ఆకాశాన్ని ఎందుకలా చూస్తుందో, నాన్న నాచు గురించి ఎక్కువ ఎందుకు వాదించడో నాకు తెలుసు.

బుధవారం అన్నయ్య ఉత్తరం వచ్చింది. రాత్రి బకెట్టులో పెట్టిన నీళ్ళు పొద్దునకి గడ్డ కట్టాయని రాశాడు. నేను చదువుతుంటే వదిన అరచేతుల్ని ఎండలో పెట్టి చూసుకుంది.

"ఇక్కడ తూనీగలు తిరుగుతున్నాయని రాయండి అమ్మాయిగారూ. నమ్మడు. ఒక తూనీగను కాగితంలో మడిచి పంపుదామా?"

"చచ్చిపోతుంది" అన్నాను.

"అయితే వద్దులెండి. రాయండి చాలు."

ఆ రోజే వదిన తలుపు గురించి చెప్పింది. పగలు ఎంత వెచ్చగా ఉన్నా తెల్లవారుజామున సముద్రపు గాలి సన్నగా వీస్తుంది. "పై కన్నాలు నాకు స్నేహితులే. ఆ కిందది ఉందే, అది పగది. సరిగ్గా నా చెవిలోకి ఊదుతుంది. పొద్దున లేచేసరికి మెడ పట్టేస్తోంది." నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ పొద్దున ఆమె మెడ చేత్తో పట్టుకుని వంటింట్లోకి రావడం నేను చూశాను.

గురువారం మధ్యాహ్నం అమ్మా నాన్నా బార్లీ చేలో ఉన్నారు. నాయనమ్మ పెరట్లో గోడకు చేరగిలబడి కునుకు తీస్తోంది. వదిన గదిలో పడుకుంది. అటక మీద పోయినేటి తలుపు కాగితం చుట్ట మిగిలి ఉంది. అందులోంచి అరచేయంత రెండు ముక్కలు కోశాను. పిండితో జిగురు కాచాను. దడి పక్క కాస్మోస్ పూలు ఇంకా రాలలేదు. ఒక పువ్వు రేకలు విడదీసి, రెండు కాగితాల మధ్య పెట్టి, ఆ కింది కన్నం మీద బయటి నుంచి అంటించాను. ఎక్కడా ముడత పడకుండా వేలితో నొక్కాను. ఒక్క కన్నమే కదా, తలుపు ఊడదీయలేదు కదా అనుకున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది. మాట్లాడి ఇవ్వలేనిది చేత్తో ఇచ్చినట్టుగా.

లోపల కదలిక వినబడింది. తలుపు కాస్త తెరుచుకుంది. వదిన మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముక్క వైపే చూస్తోంది. ఎండ రేకల్లోంచి పడి, ఆమె చేతి మీద గులాబీ రంగు మచ్చలా ఉంది.

ఆ ముక్క అంచును వేలి కొసతో తడిమింది. తర్వాత, "ఎంత బాగుందో" అంది. నాయనమ్మ ఉన్న పెరటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకండి అమ్మాయిగారూ. మనిద్దరి మధ్యే ఉండనీయండి."

సిగ్గరినని తెలిసి, నలుగురిలో నా పని గురించి ఎత్తకుండా ఉండటానికి అలా అందనుకున్నాను. నాయనమ్మకు చూపు మందం. అమ్మా నాన్నా చీకటి పడ్డాకే ఇల్లు చేరుతున్నారు. ఎవరూ చూడలేదు.

శుక్రవారం, శనివారం కూడా ఎండ అలాగే కాసింది. ఇంతటి వారం నా పదిహేనేళ్ళలో నేను చూడలేదు. కప్పు మీద దుంప ముక్కలు ఎముకలా తెల్లగా ఎండాయి. నారింజలాంటి యూజా కాయలు పసుపు తిరిగి, కోస్తుంటే ముళ్ళు గుచ్చుకున్నా వాసనకు కోపం రాలేదు. బార్లీ చేలో పచ్చటి మొలకలు అంగుళం లేచాయి. నాయనమ్మ నడుము నొప్పి మర్చిపోయి రెండుసార్లు బోల్గ్యో పెద్దమ్మ ఇంటికి నడిచి వెళ్ళింది. రోజూ పొద్దున నేను తలుపు తీసి మెట్టు మీద పాదం పెట్టి చూసేదాన్ని. రాయి చల్లగా లేకపోతే, ఈ రోజుకి బతికాం అనుకునేదాన్ని. వదిన మెడ పట్టేయడం కూడా పోయింది.

ఆదివారం తెల్లవారుతుండగా వదినకు నొప్పులు మొదలయ్యాయి.

బోల్గ్యో పెద్దమ్మ చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళింది. అమ్మ ఆవిడ వెంట వెళ్ళింది. నాయనమ్మ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుంది. ఆ పొయ్యి వేడే గది నేల కిందుగా పోతుంది. నాకు నీళ్ళు తోడే పని. పొద్దెక్కింది. ఆకాశం నిన్నటిలాగే ఉంది, ఎండ నిన్నటిలాగే ఉంది. గదిలోంచి వదిన మూలుగు వస్తోంది, ఆగుతోంది, వస్తోంది. పది గంటలకు "ఇంకాసేపే" అంది బోల్గ్యో పెద్దమ్మ. మధ్యాహ్నం బయటికొచ్చినప్పుడు ఆ మాట అనలేదు. మొహం చెమటతో తడిసి ఉంది.

"తల కిందికి దిగింది. అక్కడే ఆగింది. రెండు గంటలైంది, అంగుళం కదల్లేదు" అంది నాయనమ్మతో. తర్వాత గొంతు పెంచి అందరినీ అడిగింది. "ఈ నెలలో ఈ ఇంట్లో ఎవరైనా ఏదన్నా కన్నం మూశారా? ఎలుక కన్నమో, పొయ్యి పగులో, తలుపు చిల్లో?"

"మూయనిస్తానా నేను!" అంది నాయనమ్మ.

"లేదు పెద్దమ్మా" అంది అమ్మ లోపల్నించి.

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. నెలలు నిండిన ఇంట్లో కన్నం మూస్తే బిడ్డ దారి మూసుకుపోతుంది. మా చిన్నాడబిడ్డ విషయంలో చూశాను."

అప్పుడు తెలిసింది నాకు, తలుపుల జోలికి ఎందుకు పోవద్దన్నారో.

గదిలోంచి వదిన గొంతు వచ్చింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "లేదు పెద్దమ్మా... ఎవరూ... ఏమీ మూయలేదు."

చేతిలో నీళ్ళ బిందె ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు. వదినకు గురువారమే తెలుసు. అన్నీ తెలిసే ఎంత బాగుందో అంది. ఇప్పుడు కూడా నన్నే కాస్తోంది.

"అయితే మూసినవన్నీ తెరవండి" అంది బోల్గ్యో పెద్దమ్మ.

తెరిచాం. సోయా పులుసు జాడీల మూతలు, బియ్యం గాదె మూత, బట్టల పెట్టె, అమ్మ కుట్టు పెట్టె, వీధి గుమ్మం. ఆవు మెడ తాడు కూడా విప్పేశారు. నాన్న గది వైపు రాకూడదు కనుక వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆయన ముందు కొత్త వలలు కుప్పగా ఉన్నాయి, సముద్రంలోకి తీసుకెళ్ళడానికి ఐదు రోజులు కూర్చుని తాళ్ళు ముడివేసినవి. నాన్న వాటిని ఒకసారి చూశాడు. కింద కూర్చున్నాడు. మొదటి ముడి విప్పాడు. తర్వాత రెండోది. ఉప్పునీటికి బిగుసుకునేలా వేసిన ముడులవి, గోళ్ళతో రావు. పళ్ళతో లాగుతున్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళాను.

"నాయనమ్మా."

"నీళ్ళు మరిగాయా?"

"మరిగాయి."

"అయితే ఇంకో బిందె పెట్టు."

పెట్టాను. చెప్పాల్సిన మాట చెప్పకుండానే బయటికి వచ్చేశాను. గదిలోంచి మూలుగు వచ్చింది, ఈసారి చిన్నగా. పొద్దున ఉన్నంత బలం అందులో లేదు. వాకిట్లో నాన్న పెదవి చిట్లింది. తాడుకు రక్తం అంటుకుంది. అయినా ముడులు విప్పుతూనే ఉన్నాడు. ఇల్లంతా తెరిచి పెట్టారు, జాడీలు నోళ్ళు తెరుచుకుని ఎండలో నిలబడ్డాయి. మూసి ఉన్నది నేను మూసిందొక్కటే.

మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను.

"నేను మూశాను" అన్నాను.

నాయనమ్మ పొయ్యిలోకి పుల్ల తోస్తోంది. వినబడలేదు. బడిలో లాగే. ఊపిరి తీసుకుని అరిచాను. నేను అరవగలనని నాకే తెలియదు.

"నాయనమ్మా! నేను మూశాను! వదిన తలుపుకి కింది కన్నం! గురువారం!"

నాయనమ్మ తిరిగింది. చేతిలో మండుతున్న పుల్ల ఉంది. దానితో ఒకటి వేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండు అనుకున్నాను కూడా. ఆమె నా మొహంలోకి చూసింది. ఆ మసక కళ్ళకు ఏం కనబడిందో.

"ఏ చేత్తో అంటించావు?"

"కుడి."

"ఆ చేత్తోనే తియ్యి. పరిగెత్తు."

అరుగు ఎక్కి మోకాళ్ళ మీద పడ్డాను. పువ్వు అలాగే ఉంది, రంగు కూడా మారలేదు. వేలు నోట్లో పెట్టుకుని తడి చేసుకున్నాను. కాగితం మీద పెట్టి నొక్కాను. టప్ మని చిన్న చప్పుడు. వేలు లోపలికి, గణుపు దాకా వెళ్ళిపోయింది.

లోపల మూలుగు ఆగింది.

తర్వాత వదిన గొంతు, బొంగురుగా. "ఎవరే... ఆ దొంగ వేలు? పెళ్ళయి ఏడాది కావస్తోంది... ఇంకా చూస్తున్నారా?"

"నాది కాదమ్మోయ్! నేను లోపలే ఉన్నా!" అంది బోల్గ్యో పెద్దమ్మ.

"అత్తగారిదా?"

"అయ్యయ్యో, నాది కూడా కాదు" అంది అమ్మ. ఆమె నిజంగా సంజాయిషీ చెప్పుకుంటోంది.

వదిన నవ్వింది. నొప్పిలో నవ్వితే ఎలా ఉంటుందో నేనప్పటిదాకా వినలేదు. నవ్వుగా మొదలై, మధ్యలో పెద్ద కేకగా మారింది. "అదే! అలాగే! ఇంకొక్కసారి నవ్వు తల్లీ!" అని బోల్గ్యో పెద్దమ్మ అరుస్తోంది. నా వేలు ఇంకా ఆ కన్నంలోనే ఉంది. తీయడానికి భయం వేసింది.

నాలుగు ముద్దలు అన్నం తినేంత సేపు. అంతే. కెవ్వుమంది.

"ఆడపిల్ల!" అంది బోల్గ్యో పెద్దమ్మ. "ఇది మేనత్తలాంటిది కాదు. దెబ్బ వేయకుండానే ఏడ్చింది."

వాకిట్లో నాన్న లేచి నిలబడ్డాడు, చేతుల నిండా విప్పిన తాళ్ళతో. తాళ్ళు వదిలేసి, మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు. కాసేపయ్యాక గడ్డి తెచ్చుకుని కూర్చుని, ఎడమ వైపుకు పేనుతూ తాడు చేశాడు. దానికి బొగ్గు ముక్కలు, పైన్ రెమ్మలు గుచ్చి వీధి గుమ్మానికి అడ్డంగా కట్టాడు, ఇరవయ్యొక్క రోజుల దాకా బయటివాళ్ళెవరూ లోపలికి రాకుండా. మగపిల్లాడైతే మిరపకాయలు గుచ్చేవాడు. "మిరపకాయలు మిగిలాయి, మంచిదే, ఈసారి పంట తక్కువ" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నాయనమ్మ గది మూలన పళ్ళెంలో బియ్యం, విరవకుండా తెచ్చిన, బాలింతకు చారు కాచే ఎండు నాచు, గిన్నెలో మంచినీళ్ళు పెట్టి, బిడ్డల్నిచ్చే అవ్వకు మొక్కింది. నేను గుమ్మం బయటి నుంచి విన్నాను. ఆమె మామూలుగా కోరికలే చెప్పుకుంటుంది. ఆ రోజు ఒక్కటీ అడగలేదు.

"ఏడు రోజులు ఎండ కాయించావు అవ్వా. తూనీగల్ని ఉంచావు. పిచ్చి పువ్వుని పూయించావు. ముసలిదాని నడుము నిలబెట్టావు. నా కొడుకు నాచు కుళ్ళుతుందని తెలిసి కూడా నా మాటే విన్నావు. మూగపిల్ల చేత మాట్లాడించావు. దండాలు. దండాలు." తర్వాత కాస్త ఆగింది. "నాచు సంగతి నువ్వే చూసుకో."

సాయంత్రం అరుగు మీద వేడి చారు తాగుతూ బోల్గ్యో పెద్దమ్మ నాకేసి చూసింది. తల దించుకున్నాను.

"కన్నం వల్ల ఆగిందో లేదో నాకేం తెలుసే? మావాళ్ళు చెప్పింది నేను చెప్పాను. కానీ నవ్వే మనిషికి నొప్పి తొందరగా తీరుతుంది. అది మాత్రం నా కళ్ళారా చూసింది."

"కన్నం వల్లే" అంది నాయనమ్మ.

"సరే, కన్నం వల్లే. నీ ఇంట్లో నీతో వాదిస్తే చారు తాగనిస్తావా?"

నన్ను ఎవరూ తిట్టలేదు. ఆ రాత్రి నోటుపుస్తకంలో ఆ సంగతి ఒక్కటే రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు. ఎవరికి దండం పెట్టాలో కూడా తెలియక, పడుకునే ముందు ఎండ వచ్చే తూర్పు గోడకు పెట్టాను.

సోమవారం మధ్యాహ్నానికి గాలి వాయవ్యానికి తిరిగింది. కొండ వెనక నుంచి బూడిద రంగు మబ్బు లేచింది. నాన్న వాకిట్లో నిలబడి చేతులు రుద్దుకుంటూ, "వచ్చింది, నా పార్టీ వచ్చింది!" అని, విప్పిన వలలకు మళ్ళీ ముడులు వేయడానికి కూర్చున్నాడు. అమ్మ కూడా పక్కన చేరింది. నాయనమ్మ తానే జిగురు కాచి గిన్నె నా చేతికిచ్చింది.

"ఇప్పుడు మూయి. అన్నీ. పువ్వు పెట్టుకుంటే పెట్టుకో."

దడి పక్క కాస్మోస్‌కి మూడే పూలు మిగిలాయి. మూడు కన్నాలకు అవి పెట్టాను. మిగతా ఆరింటికి ఉత్త కాగితమే. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి గానీ జిగురు బాగానే పట్టింది. ఇప్పుడే మూస్తున్నందుకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పని అయ్యాక వదినకు నాచు చారు పట్టుకెళ్ళాను. గడప దాటి లోపలికి పోకూడదన్నారు, గుమ్మంలో నిలబడే గిన్నె అందించాను. నాయనమ్మ వదిన పక్కన కూర్చుని ఉంది. పాప గుడ్డల్లో ముడుచుకుని, యూజా కాయంత మొహంతో నిద్రపోతోంది.

"ఎందుకు లేదన్నావు వదినా?" అన్నాను. అనాలనుకోలేదు. వచ్చేసింది.

వదిన చారు గిన్నె మీద చేతులు వెచ్చబెట్టుకుంది. "మిమ్మల్ని తిడతారని."

"నీకేమన్నా అయ్యుంటే?"

"అయినప్పుడు చెప్పేదాన్ని అమ్మాయిగారూ."

"అయినప్పుడు ఎలా చెప్తావు? అయితే ఇంకేం చెప్తావు? నేను వంటింట్లోకి రెండుసార్లు వెళ్ళాను తెలుసా, మొదటిసారి నీళ్ళు మరిగాయని చెప్పి వచ్చేశాను. నాన్న పెదవి చిట్లింది, చూశావా? ఆవుని కూడా విప్పేశారు, అది పోయి బోల్గ్యో పెద్దమ్మ క్యాబేజీలు తింటుంటే ఎవరూ చూడలేదు, నేనే పట్టుకొచ్చి కట్టాను. అన్నయ్యకి ఉత్తరం రాయాలి. పాప కళ్ళు ఎవరివి? నీవే అంటోంది అమ్మ. ఇంకా తెరవనే లేదు కదా, ఎలా చెప్తోంది? వదినా, నవ్వినప్పుడు నొప్పి..."

"ఓసి నీ ఇల్లు బంగారం గాను" అంది నాయనమ్మ మోకాళ్ళ మీద లేస్తూ. "పదిహేనేళ్ళ మాటలు ఒక్క రోజే మాట్లాడతావా? చలిగాలి పాప మీదికి కొడుతోంది. పో!"

వదిన నవ్వుతోంది. నేను ఇంకేదో అడగబోతున్నాను. నాయనమ్మ చెయ్యి చాపి, నా మొహం మీదే తలుపు మూసేసింది.